పెరట్లో పదో చోటు

ఆదివారానికి కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా మామగారికి ఇస్త్రీ చొక్కా తొడిగించాలి. ఎనిమిదిన్నరకి కళ్ళజోళ్ళ దుకాణానికని బయల్దేరదీయాలి. దుకాణంలో ఒక గంట, అక్కణ్ణుంచి ఏదో ఒక వంక పెట్టి ఊరంతా తిప్పితే ఇంకో మూడు గంటలు. మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి పెరట్లో పని అయిపోయి ఉండాలి. ఆయన కంట పడకుండా, చెవిన పడకుండా అయిపోవాలి. అంతే. ఇంత చిన్న పథకాన్ని కూడా చెడగొట్టుకోగలిగిందంటే ఆ ఘనత పూర్తిగా కోడలిదే. అందులో ఇంకొకరికి వాటా లేదు.

పెరట్లో పని అంటే నేల పగలగొట్టడం. మామగారు మేస్త్రి. నలభై ఏళ్ళు తాపీ పట్టిన మనిషి. బడులు, ఆస్పత్రులు, బస్టాండు, సినిమా హాళ్ళు, ఊళ్ళో సగం నేలలు ఆయన చేతిమీదుగా పోసినవే. ఆయన పోసిన నేలమీద నీళ్ళు ఒలికితే ఎటు పోవాలో తెలియక తెల్లమొహం వేసేవని ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి మనిషి సొంత పెరడు మాత్రం మూకుడులా ఉంటుంది. ముప్ఫై అడుగుల పొడవు, అంతే వెడల్పు, నాలుగంచులూ ఎత్తు, మధ్య పల్లం. గట్టిగా ఒక వాన పడితే చాలు, మధ్యలో మోకాలి లోతు నీళ్ళు. ఇంట్లో అందరూ దాన్ని మూకుడనే అంటారు, ఒక్క మామగారు తప్ప. ఆయన "నేల కుంగింది" అంటారు. ముప్ఫై ఒక్కేళ్ళుగా అదే మాట. వంటగది కుంగలేదు, వసారా కుంగలేదు, పక్కింటివాళ్ళ పెరడు కుంగలేదు, ఇదొక్కటే ఎలా కుంగిందని ఎవరైనా అడిగితే ఆయనకి వెంటనే ఎక్కడో పని గుర్తొస్తుంది.

ఆ నీళ్ళు తోడిపోసీ తోడిపోసీ అత్తగారి నడుం పడిపోయింది. చివరికి బుధవారం పొద్దున ఆవిడ తెగించి కంట్రాక్టరుకి ఫోన్ చేసేశారు. ఆ కంట్రాక్టరు ఎవరో కాదు, మామగారి దగ్గర పన్నెండేళ్ళు పని నేర్చుకున్న శిష్యుడే. ఆదివారం పదింటికి మనుషులతో వచ్చి మూకుడు పగలగొట్టేస్తానన్నాడు. గురువు చేసిన తప్పు శిష్యుడు దిద్దడానికి వస్తున్నాడు! ఆ మాట విన్నప్పటినుంచి మామగారికి అన్నం సయించడం లేదు. "వాడు నా నేలమీద సమ్మెట ఎత్తిన రోజున నేను పెరటి గడప తొక్కను," అని ఒట్టు పెట్టుకున్నారు. వేరే ఎవరొచ్చి పగలగొట్టినా ఆయన ఏదోలా దిగమింగుకునేవారు. శిష్యుడి ముందు తలవంపులంటే మాత్రం తట్టుకోలేకపోతున్నారు.

కోడలికి మామగారంటే ప్రాణం. రోజూ ఆమె ఆఫీసుకి బయల్దేరేలోగా స్కూటరు తుడిచి, టైర్లలో గాలి చూసి, గేటు తీసి పట్టుకుని నిలబడే మామగారు ఎంతమందికి దొరుకుతారు? భర్త రైలు గార్డు. నెలలో సగం రోజులు పట్టాలమీదే ఉంటాడు, ఆ ఆదివారమూ లేడు. కాబట్టి ఆయన పరువు కాపాడే భారం తనదే అనుకుంది. అందుకే ఈ కళ్ళజోడు పథకం.

అది ఎలా చెడిందో తెలియాలంటే ఆమె ఉద్యోగం సంగతి చెప్పాలి. ఒక యాత్రల మాసపత్రికలో పేజీలు అమర్చడం ఆమె పని. వ్యాసం అందేలోపే పేజీ గీసి పెట్టుకోవాలి, బొమ్మ ఎక్కడ, అక్షరాలు ఎక్కడ అని. రాత ఇంకా రాని గళ్ళలో కొలత తెలియడానికి ఏదో ఒకటి నింపుతారు. వేరే పత్రికల్లో అర్థంపర్థం లేని అక్షరాలు నింపుతారు. ఇక్కడ మాత్రం ఎడిటరుగారు ఒప్పుకోరు. ఒకప్పుడు కొండల మీద వ్యాసంలో అరపేజీ నిండా "కకకకక" అని అచ్చయిపోయింది. ఆ నెల పాఠకుల ఉత్తరాలన్నీ కాకుల భాషలోనే వచ్చాయి. ఆ దెబ్బకి ఎడిటరుగారు ఒక శాసనం చేశారు: తాత్కాలికంగా నింపినా సరే, చక్కటి తెలుగులో, అర్థమున్న వాక్యాలే నింపాలి.

ఈ నెల వ్యాసం, దేశంలో స్కేట్‌బోర్డు తొక్కడానికి పది మంచి చోట్లు. వ్యాసకర్త తొమ్మిది పంపి, పదోది రేపు మాపు అంటున్నాడు. బుధవారం సాయంత్రం కోడలు పదో గడి నింపడానికి కూర్చుంది. పొద్దున అత్తగారు ఫోన్ చేసిన సంగతి ఆమె గుండెలో ఇంకా బరువుగానే ఉంది. ఆ బరువులో చేతికొచ్చింది రాసేసింది. "నేల: సిమెంటు. ముప్ఫై ఒక్కేళ్ళనాటిది. ఒక్క అతుకు లేదు, ఒక్క పగులు లేదు. వాలు: నాలుగు వైపులనుంచీ మధ్యకి, మెత్తగా. వేళలు: ఉదయం ఏడునుంచి సాయంత్రం ఆరుదాకా. ఎవరిని అడగాలి: అత్తగారిని. కాస్త గొంతు పెద్దది గానీ మనసు మంచిది." చిరునామా గడి ఖాళీగా ఉంటే తమ చిరునామానే పెట్టింది. బొమ్మ గడి ఖాళీగా ఉంటే ఫోన్లో ఉన్న పెరటి ఫొటో పెట్టింది. కొలత అచ్చంగా కుదిరింది. ఆ రాత్రి ఆమెకి జ్వరం తగిలి గురువారం, శుక్రవారం సెలవు పెట్టేసింది.

వ్యాసకర్త పదోది పంపనే లేదు. ఎడిటరుగారు పేజీ తెరిచి చూశారు. పది గళ్ళూ నిండుగా ఉన్నాయి, ఎక్కడా ఒక్క "క" కూడా అనవసరంగా లేదు. సంతోషించి అచ్చుకి పంపేశారు. శనివారానికి పత్రిక ఊరూరా చేరిపోయింది, ఒక్క మన కోడలికి తప్ప.

ఆదివారం ఏడున్నరకి గేటు చప్పుడైతే అత్తగారు వెళ్ళి తీశారు. ఎదురుగా ముగ్గురు నిలబడి ఉన్నారు. ముందు నలభై అయిదేళ్ళ ఆవిడ, వెనక ఇద్దరు కాలేజీ పిల్లలు. తలలకి గట్టి టోపీలు, మోకాళ్ళకి తొడుగులు, చేతులకి గ్లవ్సులు. నేల పగలగొట్టేవాళ్ళు కాకపోతే ఇంకెవరికి కావాలి ఇవన్నీ? చంకలోని చక్రాల పలకలు చూసి, రాళ్ళు మోసుకెళ్ళడానికి కాబోలు అనుకున్నారు.

"పదింటికని చెప్పి ఏడున్నరకే వచ్చారే! మంచిదే, ఎండెక్కకముందే అయిపోతుంది. రండి, రండి."

"మేం వస్తామని మీకు తెలుసా అండీ?" అంది ఆవిడ ఆశ్చర్యంగా. ఆవిడ ఊళ్ళో పేరున్న పళ్ళ డాక్టరు.

"తెలియకపోవడమేమిటమ్మా! ముప్ఫై ఒక్కేళ్ళనుంచి ఎదురుచూస్తున్నాను."

డాక్టరమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. ఎక్కడికెళ్ళినా కాపలావాళ్ళు తరిమేసేవాళ్ళే తప్ప ఇలా ఎదురుచూసినవాళ్ళని ఆవిడ ఎరగదు. "ఎంతసేపు ఉండొచ్చండీ?" అని భయం భయంగా అడిగింది.

"సాయంత్రం దాకా ఉండండి. ఏ మూలా వదలొద్దు. మా ఆయన కేకలేస్తే పట్టించుకోకండి, ఆయన తత్వమే అంత."

"నేలమీద గీతలు పడతాయేమోనండీ..."

"గీతలేమిటమ్మా, ముక్కలైపోవాలి! ఉండండి, కాఫీ పెట్టుకొస్తాను."

ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. గొంతు పెద్దదే, మనసు మంచిదే. పత్రికవాళ్ళు ఎంత నిజం రాశారో అనుకున్నారు.

ఈ సమయానికి కోడలు మామగారి గదిలో చొక్కా చేత్తో పట్టుకుని బతిమాలుతోంది. మామగారు మంచమ్మీద గోడవైపు తిరిగి కూర్చున్నారు.

"నా కళ్ళు బాగానే ఉన్నాయమ్మాయ్. చూడాల్సినవి లేక ఊరుకున్నాను గానీ."

"అది కాదు మామయ్యా, ఊరికే ఒకసారి చూపించుకుంటే..."

అప్పుడే పెరట్లోంచి "గర్ర్" మని చప్పుడు. ఒక అంచునుంచి మొదలై, మధ్యకి దిగి, అవతలి అంచుకి ఎక్కి, మళ్ళీ వెనక్కి వచ్చింది. మామగారి మొహం పాలిపోయింది. "మొదలెట్టేశారు," అన్నారు. కోడలు కూడా అదే అనుకుంది. రెండున్నర గంటల ముందే వచ్చి పడ్డారేమిటి వీళ్ళు అని లోపల్లోపల తిట్టుకుంది.

మామగారు చెవి రిక్కించి విన్నారు. బాధ కాస్త పక్కకి తప్పుకుని వృత్తి ముందుకొచ్చింది. "ఇది సమ్మెట చప్పుడు కాదే! ఏదో మిషను పెట్టాడు. అరగదీస్తున్నాడమ్మాయ్! నేల తియ్యమంటే ఎవరైనా అరగదీస్తారా? ముందు మధ్యలో కొట్టి బీట పడనివ్వాలి, తర్వాత అంచులకి రావాలి. పన్నెండేళ్ళు నేర్పితే వాడికి వంటబట్టింది ఇదా?"

"మీరు ప్రశాంతంగా ఉండండి మామయ్యా."

"నేనెలాగూ గడప తొక్కను. నువ్వు వెళ్ళి చెప్పు. మధ్యలో మొదలెట్టమను."

కోడలు పెరటి తలుపు తీసింది. తీసి అలాగే నిలబడిపోయింది. ఇద్దరు పిల్లలు చక్రాల పలకలమీద మూకుడంతా గిరగిరా తిరుగుతున్నారు. డాక్టరమ్మ అంచు మీద కూర్చుని అత్తగారిచ్చిన కాఫీ తాగుతోంది. పక్కన విప్పి పెట్టిన పత్రిక ఉంది. ఆ పేజీ ఎవరు అమర్చారో కోడలికి వేరే చెప్పాలా? వంగి చదివింది. అక్షరం పొల్లుపోకుండా అంతా ఉంది. ఇంటి నంబరుతో సహా.

"ఇది... ఇది పొరపాటండీ," అంది కోడలు.

"పొరపాటే! దీన్ని పదోది చేస్తారా? మొదటిది చెయ్యాలి!" అంది డాక్టరమ్మ.

అంతలో గేటు దగ్గర మళ్ళీ చప్పుడు. ఈసారి పన్నెండుమంది. వాళ్ళ వెనక ఒక వ్యాను, అందులో ఇంకో పదిహేనుమంది. అత్తగారు ఎవరినీ నోరు తెరవనివ్వకుండా "పెరట్లోకి వెళ్ళండి, మీవాళ్ళు అక్కడే ఉన్నారు" అని పంపించేస్తున్నారు. ఇంతమందిని పంపిన కంట్రాక్టరు మంచితనానికి మురిసిపోతూ, రెండో గిన్నెడు కాఫీ పొయ్యిమీద పెట్టారు. కోడలు వంటింట్లోకి పరిగెత్తి "అత్తయ్యా, వీళ్ళు పనివాళ్ళు కాదు" అనబోయింది. "అ" దగ్గరే అత్తగారు ఆమె చేతిలో పళ్ళెం పెట్టేశారు. "మాటలు తర్వాత. ముందు ఈ గ్లాసులు అందించిరా. పాపం, మోకాళ్ళమీద పని చేసేవాళ్ళు."

కోడలు పళ్ళెం పెరట్లో దించి మామగారి గదికి వెళ్ళింది. ఉన్నది చెబుదామనే వెళ్ళింది. కానీ ఏమని చెబుతుంది? ఇంతకాలం ఇంటివాళ్ళే నవ్వుకున్న మూకుణ్ణి దేశమంతా చూసేలా అచ్చేయించానని చెప్పాలా?

"చెప్పావా?"

"చెప్పాను మామయ్యా. మధ్యలోనే... చేస్తున్నారు."

"ఎంతమంది ఉన్నారు?"

కోడలికి అబద్ధాలు అలవాటు లేదు, అంకెల దగ్గర నిజమే వచ్చేసింది. "ముప్ఫై మంది."

మామగారు మంచం మీంచి లేచి నిలబడ్డారు. "ముప్ఫై మందా! నేనొక్కణ్ణి పోసింది తియ్యడానికి ముప్ఫై మందా!" కాసేపు గదిలో అటూ ఇటూ నడిచారు. ఎన్నాళ్ళకో ఆయన నడకలో కాస్త ఠీవి కనిపించింది. "అంత గట్టిగా పోశానన్నమాట," అన్నారు మెల్లగా.

కోడలు హమ్మయ్య అనుకుందో లేదో, పెరట్లోంచి ఈలలు, చప్పట్లు వినిపించాయి. ఎవరో గాల్లోకి ఎగిరి సరిగ్గా దిగారు కాబోలు. మామగారు ఆగిపోయారు.

"ఆ చప్పట్లెందుకు?"

"పని... బాగా సాగుతోందని."

ఆ మాట అన్నాక ఆమె నాలుక కరుచుకుంది గానీ అప్పటికే ఆలస్యమైంది. మామగారు మంచమ్మీద కూలబడిపోయారు. "నా నేల పగులుతుంటే చప్పట్లు కొడుతున్నారా?" అన్నారు. కోపంగా అన్నా బాగుండేది. చిన్నపిల్లాడిలా అన్నారు. కోడలు ఇక దాచకూడదనుకుని నోరు తెరిచింది. అప్పుడే ఫోను మోగింది. ఎడిటరుగారు.

"అమ్మాయ్, జ్వరం తగ్గిందా? నిన్నటినుంచి ఆఫీసు ఫోను ఆగడం లేదు. అందరూ ఆ పదో చోటు గురించే! ఫొటోగ్రాఫరుని తీసుకుని నేనే వచ్చాను చూద్దామని. ఏం నేల, ఏం నేల! అన్నట్టు ఇది నువ్వుండే పేటేనేమో, వీలైతే వచ్చి చూడకూడదూ?"

కోడలు గదిలోంచి వసారాలోకి వచ్చింది. ఎడిటరుగారు పెరటి తలుపు దగ్గర ఫోను చెవికి పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఇద్దరూ నాలుగడుగుల దూరంలో ఫోన్లో మాట్లాడుకున్నారు.

"వచ్చానండీ."

"ఇంత త్వరగా ఎలా వచ్చావు?"

"ఇది మా ఇల్లేనండీ. ఆ పదో గడిలో ఉన్నది నేను తాత్కాలికంగా నింపిన రాతండీ. కొలత కోసం."

ఎడిటరుగారు ఫోను నెమ్మదిగా దించారు. పెరట్లోని జనాన్ని చూశారు, పత్రికని చూశారు, కోడల్ని చూశారు. చెమట తుడుచుకుని, అతి చిన్న గొంతుతో అడిగారు. "మిగతా తొమ్మిదీ అయినా ఉన్నాయా?"

"ఉన్నాయండీ. అవి వ్యాసకర్త రాసినవి."

ఆయన గోడ పట్టుకుని కూర్చున్నారు. ఆయనకి మంచినీళ్ళిచ్చేసరికి పదైంది. సరిగ్గా పదింటికి, గేటు దగ్గర, ఇంటిల్లిపాదికీ తెలిసిన గొంతు వినబడింది. "గురువుగారూ! వచ్చేశానండీ!"

గదిలో మామగారు తలెత్తారు. శిష్యుడు ఇప్పుడే వస్తే, మరి ఇంతసేపూ పగలగొడుతున్నదెవరు?

శిష్యుడు ముగ్గురు మనుషులతో, రెండు సమ్మెటలతో పెరట్లో అడుగుపెట్టి కొయ్యబారిపోయాడు. ముప్ఫై పైచిలుకు మనుషులు, అందరికీ టోపీలు, అందరికీ తొడుగులు. మొహం చిన్నబుచ్చుకుని అత్తగారివైపు తిరిగాడు. "వేరేవాళ్ళకి ఇచ్చేశారా అమ్మా? నాకొక మాట చెప్పాల్సింది."

"వీళ్ళు నీ మనుషులు కాదూ?"

"నా మనుషులు ఈ ముగ్గురేనండీ."

అత్తగారు ముగ్గుర్నీ చూశారు. ముప్ఫై మందినీ చూశారు. "అయితే పొద్దుట్నుంచి నేను కాఫీలు పోసింది ఎవరికి?"

అందరి చూపూ సమ్మెటలమీదే ఉంది. "ఇవి ఎందుకండీ?" అంది డాక్టరమ్మ. "ఈ నేల పగలగొట్టడానికి," అన్నాడు శిష్యుడు అమాయకంగా. చక్రాలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. అందరికంటే ముందు డాక్టరమ్మ వెళ్ళి మూకుడు మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆవిడ వెనకే కాలేజీ పిల్లలు, ఆ తర్వాత వ్యానులో వచ్చినవాళ్ళు. నిమిషంలో నేల కనబడకుండా పోయింది. ఫొటోగ్రాఫరు ఫొటోలు తీసుకుంటున్నాడు. శిష్యుడి మనుషులు ముగ్గురూ కాళ్ళు నొప్పెట్టి వాళ్ళ పక్కనే కూర్చున్నారు.

"ఏమిటీ గోల?"

మామగారు. గడప అవతల కాదు, ఇవతల. ఒట్టు సంగతి ఆయనకే గుర్తున్నట్టు లేదు. నేలని ఈ కొసనుంచి ఆ కొసకి చూసుకున్నారు. ఒక్క బీటైనా పడలేదు. ఆయన భుజాలు కిందికి దిగాయి. అంతవరకూ ఊపిరి బిగబట్టి ఉన్నారని కోడలికి అప్పుడు తెలిసింది.

డాక్టరమ్మ లేచి ఆయన దగ్గరకొచ్చింది. "మీరైనా చెప్పండి సార్, దీన్ని పగలగొట్టొద్దని. పన్నెండేళ్ళుగా నా సెలవులన్నీ ఈ పలకకే పోశాను. ఈ పేజీలో మిగతా తొమ్మిది చోట్లూ తొక్కాను. ఓడరేవు దగ్గర గోడ పక్కన బాగుంటుంది గానీ గాలికి ఇసుకొచ్చి చక్రాల్లో పడుతుంది. పైవంతెన కింద అడుగడుక్కీ అతుకే, పళ్ళు కదిలిపోతాయి, పళ్ళ డాక్టర్ని కాబట్టి చెబుతున్నాను. మూసేసిన విమానాశ్రయం ఉంది, అక్కడ ఎంతసేపు తొక్కినా ఒకేలా ఉండి నిద్రొస్తుంది. కొండమీద పాత నీళ్ళ తొట్టి ఉంది, అది ఎక్కేసరికే ఓపిక అయిపోతుంది. ఇలాంటి వంపు ఎక్కడా లేదు సార్. ఏ పక్కనుంచి దిగినా ఒకటే వాలు, వెంట్రుకవాసి తేడా లేదు. ఇది ఎవరు పోశారు?"

అత్తగారు, కోడలు, శిష్యుడు, అందరూ మామగారి వైపే చూశారు. ముప్ఫై ఒక్కేళ్ళ అలవాటు ఊరికే పోతుందా? నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఎవరూ పొయ్యలేదు. చదునుగానే పోశాం. నేల కుంగింది."

"కుంగితే పగుళ్ళు రావాలి కదా సార్? ఒక్కటీ లేదే?"

మామగారు శిష్యుడి వైపు చూశారు. శిష్యుడు తల వంచుకున్నాడు. "కుంగితే ఒకవైపే కుంగుతుందని నాకు మీరే చెప్పారు గురువుగారూ," అన్నాడు. ఎగతాళి లేదు ఆ గొంతులో. "ఇది చేత్తో తీసిన వంపని నేను పన్లో చేరిన మొదటి రోజే అనుకున్నాను. అడగడానికి భయమేసింది. ఇప్పటికీ నేను పోస్తే ఇలా రాదు."

పాపం, మామగారి ఇరకాటం చూడండి. దేశంలోకెల్లా గొప్ప నేల అంటున్నారు. ఒప్పుకుంటే ఆ పేరు తనది, ఒప్పుకోకపోతే మట్టిది. ఒప్పుకోవాలంటే మాత్రం ముప్ఫై ఒక్కేళ్ళుగా పెళ్ళానికి చెప్పింది పచ్చి అబద్ధమని, ఆవిడ ముందే, ముప్ఫై మంది మధ్య చెప్పాలి.

"నేనే పోశాను," అన్నారు.

అని అత్తగారి వైపు తిరిగారు.

"నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు. మగపిల్లాడు పుట్టాడని కబురొచ్చింది. సంతోషం పట్టలేక పనివాళ్ళందరికీ సెలవిచ్చేశాను. తర్వాత తెలిసింది, మర్నాడే మిమ్మల్ని ఇంటికి పంపేస్తారని. పెరడంతా బురద. పసిబిడ్డని పట్టుకుని ఆ బురదలో ఎలా తిరుగుతావు? అందుకని ఒక్కణ్ణే దిగాను. సిమెంటు చదును చేసే బద్దకి రెండో కొస పట్టుకునేవాడు లేడు. నడిమధ్యన నిలబడి, చుట్టూ తిరుగుతూ, సిమెంటంతా నా వైపే లాక్కుంటూ పోయాను. పిల్లాడికి ఏం పేరు పెడదామా అన్న ఆలోచనలో ఉన్నానేమో, తల ఎత్తి చూసేసరికి ఇదిగో, ఇలా అయింది. బయటికి రావడానికి దారిలేక నిచ్చెన పడేసుకుని దానిమీద పాకుతూ వచ్చాను."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"ఆరోజే నాకు చెబితే ఏం పోయేది?" అన్నారు అత్తగారు.

"అప్పటికి నీ దృష్టిలో ఊళ్ళోకెల్లా పెద్ద మేస్త్రిని నేనే కదా. ఆ ఒక్క సంగతి పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది."

అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. "నీళ్ళు తోడిపోసినంతకాలం నేను తిట్టింది మట్టిని. మిమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. ఊళ్ళోకెల్లా పెద్ద మేస్త్రి పోసినా కుంగిందంటే ఎంత పాపిష్టి మట్టో అనుకున్నాను. ఇప్పటికీ నా దృష్టిలో ఊళ్ళోకెల్లా పెద్ద మేస్త్రి మీరే." అని, ముక్కు చీది, గొంతు మామూలు ఎత్తుకి తెచ్చుకున్నారు. "కాకపోతే ఇక వాన పడితే తోడేది మీరు. నేల కుంగిందని ఇన్నాళ్ళూ నేను తోడాను. మీరు పోశారని తేలింది కదా, మీరే తోడండి."

ముప్ఫై మందీ చప్పట్లు కొట్టారు. ఈసారి అవి ఎందుకో మామగారికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. శిష్యుడు సమ్మెటలు గేటు బయట పెట్టించి, వచ్చి గురువు కాళ్ళకి దండం పెట్టాడు. "లే, లే. అయినా ఆ సమ్మెట పిడి ఏమిటి, అంత పొట్టిగా ఉంది?" అని మామగారు వాణ్ణి అందరి ముందూ చీవాట్లు పెట్టారు. ఆ మధ్యాహ్నం రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు.

ఎడిటరుగారు ఆఫీసుకి వెళ్ళగానే పాత శాసనం రద్దు చేశారు. ఇకనుంచి ఖాళీ గళ్ళలో "కకకకక" మాత్రమే నింపాలని, అర్థమున్న వాక్యం ఒక్కటి కనబడినా ఊరుకోనని గోడకి నోటీసు అంటించారు. కోడలి ఉద్యోగానికి మాత్రం ఢోకా రాలేదు. వ్యాసకర్త ఉద్యోగం ఆమెకిస్తే ఎలా ఉంటుందా అని కూడా ఆయన ఒకటి రెండుసార్లు ఆలోచించారు.

ఇక పెరట్లో ఆదివారాలు నిలబడడానికి చోటుండేది కాదు. నాలుగు వారాలు చూసి, పళ్ళ డాక్టరమ్మ తన ఆస్పత్రి వెనకున్న ఖాళీ స్థలం చూపించి, అచ్చం ఇలాంటిదే ఇంకొకటి పోసిపెట్టమని మామగారిని బతిమాలింది. ఆయన ఒకటికి రెండుసార్లు కాదని, మూడోసారి ఒప్పుకున్నారు. చెప్పిన రోజున పొద్దున్నే కొత్త బనీను వేసుకుని వెళ్ళారు. శిష్యుణ్ణి కూడా దిగనివ్వలేదు. "రెండోవాడు దిగితే ఈ వంపు రాదు," అన్నారు. నడిమధ్యన ఒక్కరే నిలబడి, చుట్టూ తిరుగుతూ, సిమెంటంతా తన వైపు లాక్కున్నారు. చుట్టూ నలభైమంది ఊపిరి బిగబట్టి చూశారు. సాయంత్రానికి నిచ్చెనమీద పాక్కుంటూ బయటికొచ్చి, "చూసుకోండి," అని చేతులు కడుక్కున్నారు.

వారం రోజులు ఆరనిచ్చారు. అందరూ పలకలు పట్టుకుని వచ్చారు. శిష్యుడు సంచిలోంచి నేల చదును చూసే రసమట్టం తీసి నేలమీద ఈ మూల పెట్టాడు, ఆ మూల పెట్టాడు, చివరికి మధ్యలోనూ పెట్టి, వంగి, చాలాసేపు చూశాడు.

ఎక్కడ పెట్టినా అందులో బుడగ నడిమధ్యనుంచి వెంట్రుకవాసి కదల్లేదు.